నెట్‌వర్క్ స్విచ్ పింగ్‌కి బదులిస్తూనే ఉంటుంది, లోపల ఫ్యాన్, పీఎస్‌యూ (పవర్ సప్లై), ఆప్టిక్ (ఫైబర్ మాడ్యూల్) ఎలా ఉన్నాయో ఎలా గమనించాలి?

ప్రశ్న: క్యాంపస్_నెట్

నమస్తే అండి. గుంటూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ నెట్‌వర్క్ ఇది. కోర్‌లోనూ (అన్ని బ్లాకులూ కలిసే చోట) పెద్ద బ్లాకుల్లోనూ సిస్కో క్యాటలిస్ట్ 9300 స్విచ్‌లు ఉన్నాయి. అన్నీ 48 పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు ఇచ్చే) రకం, 715 వాట్ల పీఎస్‌యూలు. కొన్నింటికి రెండు పీఎస్‌యూలు, కొన్నింటికి ఒకటే. చిన్న బ్లాకుల్లో 2960-ఎక్స్, హాస్టళ్లలో జునిపర్ ఈఎక్స్3400, ఈఎక్స్2300. బ్లాకుల మధ్య సింగిల్ మోడ్ ఫైబర్ మీద 10జీ ఎల్‌ఆర్ మాడ్యూళ్లు. కోర్ రూమ్‌కి ఏసీ ఉంది. మిగతావి గోడకి బిగించిన 9యూ ర్యాకులు, మెట్ల కిందో ల్యాబ్ మూలనో ఉంటాయి, ఏసీ లేదు.

ఇప్పుడు మా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జాబిక్స్‌లో పింగ్, అప్‌లింక్ ట్రాఫిక్ తప్ప ఇంకేమీ లేదు. రెండు పీఎస్‌యూలున్న స్విచ్‌లో ఒకటి పోయినా పింగ్ వస్తూనే ఉంటుంది కాబట్టి, రెండోది పోయేదాకా మాకు తెలిసే దారి లేదు.

ఏ విలువలు తీసుకోవాలి, ఎంత సేపటికోసారి? ట్రాప్‌లు (స్విచ్ తనంతట తాను పంపే హెచ్చరికలు) పెడితే సరిపోతుందా, పోల్ చేయాల్సిందేనా (సర్వరే అడిగి తెచ్చుకోవడం)? టెంపరేచర్ అలర్ట్ ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టాలి? మే నెల మధ్యాహ్నాల్లో ఈ గదులు 40 దాటేస్తాయి. 40కే అలర్ట్ పెడితే అన్ని స్విచ్‌ల నుంచీ రోజూ మెసేజ్‌లు వచ్చిపడి, అసలైనది వచ్చిన రోజు ఎవరూ పట్టించుకోరు. ఆ గొడవ లేకుండా ఎలా కట్టుకోవాలో చెప్పగలరు.

జవాబు: పోలింగ్_పద్ధతి

ముందు స్టేట్ తీసుకోండి, తర్వాత అంకెలు. ఫ్యాన్ ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోంది, పీఎస్‌యూ ఎన్ని వాట్లు ఇస్తోంది అన్నవి గ్రాఫ్‌లకి బాగుంటాయి. రాత్రి రెండింటికి ఒకరిని నిద్రలేపాలా వద్దా అన్నది మాత్రం స్విచ్ తనంతట తాను చెప్పే స్టేట్ మీదే తేల్చాలి.

సిస్కోవి రెండు రకాలకీ ఎస్‌ఎన్‌ఎంపీలో (పరికరాల స్థితి అడిగే ప్రోటోకాల్) ఎన్వ్‌మాన్ మిబ్ (విలువల పట్టిక) పనిచేస్తుంది. మీకు కావలసిన ఓఐడీలు (ఒక్కో విలువకి చిరునామా) ఇవి:

ఫ్యాన్ స్టేట్: 1.3.6.1.4.1.9.9.13.1.4.1.3
పీఎస్‌యూ స్టేట్: 1.3.6.1.4.1.9.9.13.1.5.1.3
టెంపరేచర్ విలువ: 1.3.6.1.4.1.9.9.13.1.3.1.3
టెంపరేచర్ స్టేట్: 1.3.6.1.4.1.9.9.13.1.3.1.6

మూడు టేబుళ్లలోనూ 2వ కాలమ్‌లో పేరుంటుంది. స్టేట్ విలువల్లో 1 నార్మల్, 2 వార్నింగ్, 3 క్రిటికల్, 4 షట్‌డౌన్, 5 నాట్ ప్రెజెంట్, 6 నాట్ ఫంక్షనింగ్.

చిక్కంతా ఆ 5 దగ్గరే. ఒకే పీఎస్‌యూ ఉన్న 9300లో ఖాళీ స్లాట్ ఎప్పుడూ నాట్ ప్రెజెంట్ అనే చెప్తుంది. ఆ గోల భరించలేక చాలామంది 5ని వదిలేస్తారు. అప్పుడు రెండు పీఎస్‌యూలున్న స్విచ్ నుంచి ఎవరైనా ఒకటి లాగి వేరే బ్లాకులో పెట్టుకున్నా మీకు కబురు రాదు. దీనికి పద్ధతి ఏమిటంటే, ప్రతి హోస్ట్‌కీ (స్విచ్‌కీ) ఒక మాక్రో (జాబిక్స్‌లో మనం రాసిపెట్టే విలువ) పెట్టి దానికి ఎన్ని పీఎస్‌యూలు ఉండాలో రాయండి, 1 లేదా 2. స్టేట్ 1గా ఉన్న పీఎస్‌యూలను లెక్కపెట్టి, ఆ లెక్క మాక్రో కంటే తగ్గితే అలర్ట్. అప్పుడు పాడైనా, ప్లగ్ పీకినా, మాయమైనా ఒకే రూలు పట్టుకుంటుంది.

జాబిక్స్‌లో ఇంకో సంగతి. పార్ట్ తీసేస్తే కొన్ని పరికరాల్లో ఆ వరుసే టేబుల్‌లోంచి పోతుంది. ఐటెమ్ (జాబిక్స్ తీసుకునే ఒక్కో విలువ) సపోర్ట్ లేదు అనే స్థితికి వెళ్లి ట్రిగ్గర్ (అలర్ట్ షరతు) ఊరుకుంటుంది. అందుకని పీఎస్‌యూ, ఫ్యాన్ ఐటెమ్‌లకి నోడేటా (విలువ రాకపోతే మోగే) ట్రిగ్గర్ కూడా తగిలించండి. డిస్కవరీ రూల్‌లో (పార్టులను వెతికి ఐటెమ్‌లు తయారుచేసేది) కనిపించకుండా పోయినవాటిని వెంటనే చెరిపేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి. అలాగే ఐటెమ్‌ని ఇండెక్స్ నంబరుతో కాకుండా పేరుతో గుర్తుపట్టండి. స్టాక్‌లో (ఒకటిగా కలిపి నడిపే స్విచ్‌లు) సభ్యుడు మారినా, రీలోడ్ అయినా ఇండెక్స్‌లు మారొచ్చు, అప్పుడు రెండో స్విచ్ ఫ్యాన్ గ్రాఫ్‌లో మూడో స్విచ్ ఫ్యాన్ కనిపిస్తుంది.

జునిపర్‌కి టేబుల్ వేరు: 1.3.6.1.4.1.2636.3.1.13.1. దాని కింద 5 వివరణ, 6 స్టేట్, 7 టెంపరేచర్. స్టేట్‌లో 2 రన్నింగ్, 6 డౌన్. ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే 5 వస్తుంది. టెంపరేచర్ 0 వస్తే సున్నా డిగ్రీలని కాదు, ఆ పార్ట్‌కి కొలత లేదని. దాన్ని వడకట్టకపోతే సగటులు తప్పుతాయి.

దీనికంటే తేలిక, ఛాసిస్ అలారమ్‌లు. రెడ్‌కి 1.3.6.1.4.1.2636.3.4.2.3.1.0, ఎల్లోకి 1.3.6.1.4.1.2636.3.4.2.2.1.0. 2 అంటే ఆఫ్, 3 అంటే ఆన్. కానీ వీటిని వాడే ముందు ఊరికే వెలిగే రెండు అలారమ్‌లను ఆర్పాలి. రెస్క్యూ కాన్ఫిగరేషన్ లేదన్న ఎల్లో ఒకటి, మేనేజ్‌మెంట్ పోర్టులో కేబుల్ లేదన్న రెడ్ ఒకటి. మొదటిదానికి ఆపరేషనల్ మోడ్‌లో 'రిక్వెస్ట్ సిస్టమ్ కాన్ఫిగరేషన్ రెస్క్యూ సేవ్'. రెండోదానికి కాన్ఫిగరేషన్‌లో 'సెట్ ఛాసిస్ అలారమ్ మేనేజ్‌మెంట్-ఈథర్‌నెట్ లింక్-డౌన్ ఇగ్నోర్'. ఆ తర్వాత వెలిగే అలారమ్ ప్రతిదీ చూడదగ్గదే.

ట్రాప్‌లా, పోలా అన్నారు. రెండూ. ట్రాప్ యూడీపీ 162 మీద ఒక్కసారి వెళ్తుంది, దారిలో పోతే పంపినవాడికి తెలియదు. లింక్ ఊగుతున్న సమయంలోనే ట్రాప్ పుడుతుంది కాబట్టి పోయే అవకాశమూ అప్పుడే ఎక్కువ. కనుక ట్రాప్‌ని తొందరగా తెలియడానికి పెట్టుకుని, నిజం తేల్చుకోవడానికి పోల్ మీద ఆధారపడండి. స్టేట్‌లు నిమిషానికోసారి, విలువలు ఐదు నిమిషాలకోసారి చాలు. వరసగా రెండు పోల్స్‌లో తేడా కనిపిస్తేనే అలర్ట్ వెళ్లాలి.

2960-ఎక్స్, ఈఎక్స్2300 గురించి ఒక మాట. వీటిలో పీఎస్‌యూ, ఫ్యాన్ లోపలే బిగించి ఉంటాయి. ఉన్న ఒక్క పీఎస్‌యూ పోతే స్విచ్చే పోతుంది, అది పింగ్ చెప్పేస్తుంది. అక్కడ పీఎస్‌యూ అలర్ట్‌తో ఒరిగేదేమీ లేదు. ఫ్యాన్, టెంపరేచర్ మాత్రం తప్పకుండా తీసుకోండి. ఫ్యాన్ ఆగాక స్విచ్ కొన్నాళ్లు నడుస్తుంది, ఆ వ్యవధిలోనే మార్చుకోవాలి.

జవాబు: ఇన్‌లెట్_అవుట్‌లెట్

పైన చెప్పిందానితో ఏకీభవిస్తున్న. టెంపరేచర్ విషయంలో మాత్రం స్విచ్ ఇచ్చే స్టేట్ ఒక్కటే నమ్ముకుంటే ఆలస్యమైతది.

9300లో 'షో ఎన్విరాన్‌మెంట్ ఆల్' కొడితే ఇన్‌లెట్ (లోపలికొచ్చే గాలి), అవుట్‌లెట్ (బయటికెళ్లే గాలి), హాట్‌స్పాట్ (లోపల బాగా వేడెక్కే చోటు) అని మూడు కనిపిస్తయి. ఇన్‌లెట్‌కి ఎల్లో 46, రెడ్ 56. హాట్‌స్పాట్‌కి ఎల్లో 105, రెడ్ 125. మీ బాక్స్ మీద ఎంతుందో అక్కడే చూసి రాసుకోండి, మోడల్‌ని బట్టి మారుతది. ఆ స్విచ్ నడవడానికి కంపెనీ ఒప్పుకున్న గాలి వేడి 45 డిగ్రీల వరకే. అంటే ఎల్లో వచ్చేసరికి మీరు స్పెసిఫికేషన్ దాటేసినట్టే లెక్క.

అందుకే మూడు మెట్లు పెట్టుకోండి. ఇన్‌లెట్ 40 దాటి గంటసేపు ఉంటే పగటిపూట చూసుకునే టికెట్, మెసేజ్ వద్దు. 46 దాటి పది నిమిషాలుంటే మెసేజ్. 50 దాటితే ఫోన్ కాల్. దిగేటప్పుడు రెండు డిగ్రీల తేడా ఉంచండి. 46కి ఎక్కిన అలర్ట్ 44కి వస్తేనే దిగాలె. లేకుంటే 45కీ 46కీ మధ్య ఊగుతూ మధ్యాహ్నమంతా మోగుతది. మే నెల గోల చాలావరకు దీంతోనే పోతది.

అసలు విషయం చెప్తున్న. ఇన్‌లెట్ ఎంతుందన్నది గది సంగతి. హాట్‌స్పాట్‌లోంచి ఇన్‌లెట్ తీసేస్తే మిగిలే తేడా ఉంది చూడండి, అది స్విచ్ సంగతి. ఎండాకాలం వస్తే రెండూ కలిసి పెరుగుతయి, తేడా పెద్దగా మారదు. ట్రాఫిక్, పీఓఈ లోడ్ మారకుండా ఆ తేడా ఒక్కటే ఎనిమిది, పది డిగ్రీలు పెరిగిందంటే గాలి ఆడతలేదు: దుమ్ము పట్టింది, వెనకాల కేబుళ్ల కట్ట అడ్డం పడ్డది, లేదా ఒక ఫ్యాన్ నీరసించింది. జాబిక్స్‌లో దీనికి ఒక క్యాలిక్యులేటెడ్ ఐటెమ్ చేసి, పోయిన రెండు వారాల సగటుతో పోల్చండి. ఏ నెలలోనైనా పనికొచ్చే అలర్ట్ ఇది.

ఫ్యాన్ ఆర్‌పీఎంకి స్థిరమైన హద్దు పెట్టకండి. వేడిని బట్టి స్పీడు మారుతది కాబట్టి డిసెంబర్ రాత్రి తక్కువ తిరగడం మామూలే. 9300లో మూడు ఫ్యాన్లుంటయి, ఒకటి పోయినా మిగతా రెండూ స్పీడు పెంచి నెట్టుకొస్తయి. కాబట్టి చూడాల్సింది ఒకే స్విచ్‌లో మూడింటి మధ్య తేడా. రెండు దాదాపు సమానంగా తిరుగుతూ మూడోది 20 శాతం వెనకబడి ఉంటే దాని బేరింగ్ పోతున్నట్టు. అది ఇంకా నార్మల్ అనే చెప్తుంటది. 9300 ఫ్యాన్ మాడ్యూల్‌ని స్విచ్ నడుస్తుండగనే మార్చొచ్చు, ఒకటి స్పేర్ పెట్టుకోండి.

2960-ఎక్స్‌లో సిస్టమ్ టెంపరేచర్ అని ఒకటే వస్తది, అది పెట్టె లోపలిది. గది వేడి దానితో తెలియదు. ఆ ర్యాకుల్లో స్విచ్ ముందు వైపు ఒక డీఎస్18బీ20 సెన్సర్ వేలాడదీసి, ఈఎస్‌పీ8266 బోర్డుతో విలువని జాబిక్స్‌కి పంపండి. ఆ సెన్సర్ ఖచ్చితత్వం సగం డిగ్రీ, ఈ పనికి చాలు. సెన్సర్‌ని ర్యాక్ లోపలే పెట్టండి, గోడ మీద కాదు. గాజు తలుపున్న 9యూ ర్యాకుల్లో వెనక నుంచి వచ్చిన వేడిగాలే చుట్టూ తిరిగి మళ్లీ ముందుకొస్తది. గదిలో 38 ఉన్నప్పుడు ర్యాకులో అంతకంటే చానా ఎక్కువ ఉండొచ్చు. తలుపు తీసేసి జాలీ తలుపు పెట్టడం, ఖాళీ యూలకు బ్లాంకింగ్ ప్లేట్లు, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్: ఈ మూడూ చేసిన తర్వాత అలర్ట్ హద్దుల గురించి ఆలోచించండి.

బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు స్విచ్ ఆపి, ఫ్యాన్ రెక్క కదలకుండా పుల్లతో పట్టుకోండి. గాలికి అది ఇష్టమొచ్చిన స్పీడులో తిరిగితే బేరింగ్ అప్పుడే దెబ్బతింటది.

వేడిని ఇంత పట్టించుకోవడం ఎందుకంటే, పీఎస్‌యూలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లుంటయి. ప్రతి పది డిగ్రీల పెరుగుదలకీ వాటి ఆయుష్షు దాదాపు సగమైతదని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. ఏసీ లేని గదిలో పీఎస్‌యూలే ముందు పోవడానికి కారణం అదే.

జవాబు: వాట్ల_లెక్క

పీఓఈ గురించి ఎవరూ ఎత్తలేదు, మీ క్యాంపస్‌లో అది పెద్ద ప్రమాదం.

9300 48 పోర్టుల పీఓఈ మోడల్‌లో ఒక 715 వాట్ల పీఎస్‌యూ ఉంటే పీఓఈకి మిగిలేది 437 వాట్లు. రెండోది పెడితే దాని 715 కూడా కలిసి 1152 అవుతుంది. ఇప్పుడు ఆ స్విచ్ మీద 40 యాక్సెస్ పాయింట్లు, ఒక్కోదానికి 14 వాట్ల చొప్పున పెట్టారనుకుందాం. 560 వాట్లు. రెండు పీఎస్‌యూలూ నార్మల్, అన్నీ పచ్చగా ఉన్నాయి. ఒకటి పోయిన క్షణాన 560 అడిగేచోట 437 మాత్రమే ఉంటుంది, ప్రయారిటీ తక్కువున్న పోర్టుల పవర్ తెగుతుంది. స్విచ్‌కి రెడండెన్సీ ఉంది, దాని మీద బతికే యాక్సెస్ పాయింట్లకి లేదు.

అందుకని పీఎస్‌యూ పోయినప్పుడు కాదు, పీఓఈ వాడకం ఒక పీఎస్‌యూ మోయగలిగినదాన్ని దాటినప్పుడే అలర్ట్ రావాలి. ఓఐడీలు అన్ని కంపెనీలకీ ఉమ్మడివి: 1.3.6.1.2.1.105.1.3.1.1.2 మొత్తం బడ్జెట్, చివర 4 పెడితే వాడకం, 3 పెడితే స్టేటస్ (1 ఆన్, 2 ఆఫ్, 3 ఫాల్టీ). స్టాక్‌లో ఒక్కో సభ్యుడికి ఒక్కో వరుస వస్తుంది. మాక్రోలో 437 రాసి, వాడకం అందులో 90 శాతం దాటితే టికెట్. స్టాక్‌పవర్ కేబుళ్లు (స్విచ్‌లు పవర్ పంచుకునేవి) వేసి ఉంటే లెక్క సభ్యులందరికీ కలిపి చూడాలి. కెమెరాల పోర్టులకి, ముఖ్యమైన యాక్సెస్ పాయింట్లకి ఇన్‌లైన్ పవర్ ప్రయారిటీ హై అని ఇప్పుడే ఇచ్చేయండి.

ఇక ప్లగ్‌ల సంగతి. రెండు పీఎస్‌యూలూ ఒకే యూపీఎస్‌లో, అందులోనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంటే మానిటరింగ్ ఎన్ని పచ్చదీపాలు చూపించినా అది ఒక్క పీఎస్‌యూ కిందే లెక్క. రెండో యూపీఎస్ లేకపోతే ఒకటి యూపీఎస్ మీద, ఇంకోటి సర్జ్ ప్రొటెక్షన్‌తో నేరుగా మెయిన్స్ మీద పెట్టండి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిన రోజున అది కాపాడుతుంది.

ఇలా పెడితే కరెంటు పోయిన ప్రతిసారీ మెయిన్స్ మీదున్న పీఎస్‌యూ 'నో ఇన్‌పుట్ పవర్' అని మొత్తుకుంటుంది. దాన్ని ఆపడానికి యూపీఎస్‌నే అడగాలి. ఎస్‌ఎన్‌ఎంపీ కార్డుండి, ప్రామాణిక యూపీఎస్ మిబ్ ఇచ్చే యూపీఎస్ అయితే 1.3.6.1.2.1.33.1.4.1.0 చూడండి. 3 నార్మల్, 5 బ్యాటరీ మీద ఉంది అని. జాబిక్స్‌లో పీఎస్‌యూ ట్రిగ్గర్‌ని యూపీఎస్ బ్యాటరీ ట్రిగ్గర్ మీద డిపెండెన్సీగా కట్టండి. కరెంటు లేనప్పుడు ఒక్కటే మెసేజ్ వస్తుంది, కరెంటు ఉండీ పీఎస్‌యూ లేదంటే అది నిజంగా పీఎస్‌యూ సమస్య. కార్డు లేని యూపీఎస్ అయితే పీఎస్‌యూ అలర్ట్‌కి పావుగంట ఆలస్యం పెట్టుకోవడమే, అంతకంటే మంచి దారి లేదు.

స్పేర్ కొనేటప్పుడు ఈఎక్స్3400 పీఎస్‌యూల మీద గాలి దిశ చూసి కొనండి. ఏఎఫ్‌ఓ అంటే గాలి బయటికి, ఏఎఫ్‌ఐ అంటే లోపలికి. ఫ్యాన్లు ఒక దిక్కూ పీఎస్‌యూ ఇంకో దిక్కూ ఊదే పరిస్థితి తెచ్చుకోకండి.

క్యాంపస్_నెట్

అందరికీ ధన్యవాదాలు. పీఓఈ లెక్క చూశాను, రెండు బ్లాకుల్లో వాడకం 437 దాటే ఉంది.

ఒక సందేహం. ఆప్టిక్‌ల కోసం 9300లో 1.3.6.1.4.1.9.9.91 కింద వాక్ చేస్తే (అక్కడున్నవన్నీ వరసగా చదివితే) విలువల కాలమ్‌లో 3290, 381, మైనస్ 112 ఇలాంటివి వస్తున్నాయి. మొదటిది వోల్టేజీ అనుకుంటున్నా, మిగతావి ఎలా చదవాలి? పైగా పెద్ద స్టాక్ మీద ఈ వాక్ చేస్తే సీపీయూ గ్రాఫ్ పైకి లేస్తోంది.

జవాబు: ఎల్‌సీ_కనెక్టర్

ఆ టేబుల్‌లో విలువ ఒక్కటే చదివితే అర్థం ఉండదు. పక్కన మూడు కాలమ్‌లు కలిపి చదవాలి: 1 టైప్, 2 స్కేల్, 3 ప్రెసిషన్, 4 విలువ. టైప్‌లో 4 డీసీ వోల్టులు, 5 ఆంపియర్లు, 8 సెల్సియస్, 14 డీబీఎం (వెలుతురు బలానికి కొలత). స్కేల్‌లో 9 అంటే మామూలు యూనిట్, 8 అంటే మిల్లీ. ప్రెసిషన్ అంటే దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలని.

మీ 3290కి స్కేల్ 8, ప్రెసిషన్ 0 ఉంటే 3.29 వోల్టులు. 381కి టైప్ 5, స్కేల్ 8, ప్రెసిషన్ 1 ఉంటే 38.1 మిల్లీ ఆంపియర్లు, అంటే లేజర్ బయాస్ కరెంట్. మైనస్ 112కి టైప్ 14, ప్రెసిషన్ 1 అయితే మైనస్ 11.2 డీబీఎం. టెంప్లేట్‌లో 10తో భాగించు అని గుడ్డిగా రాసెయ్యకండి, ప్రెసిషన్ సెన్సర్‌కీ సెన్సర్‌కీ మారుతుంది. జునిపర్‌లో ఇంత తతంగం లేదు. 1.3.6.1.4.1.2636.3.60.1.1.1.1 కింద 5 ఆర్‌ఎక్స్ (అందుకునే) పవర్, 7 టీఎక్స్ (పంపే) పవర్, రెండూ డీబీఎంలో వందో వంతులు. 6 బయాస్, మిల్లీ ఆంపియర్‌లో వెయ్యో వంతు. 8 మాడ్యూల్ టెంపరేచర్.

ఆ మైనస్ 11.2 ఆర్‌ఎక్స్ పవర్ అయితే ఆ లింక్‌ని ఈ వారమే చూడండి. 10జీ ఎల్‌ఆర్‌కి అందుకోగల కనిష్ఠం మైనస్ 14.4. కాబట్టి లింక్ అప్‌లోనే ఉంటుంది, పింగ్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ క్యాంపస్‌లో దూరం ఎంత, మహా అయితే ఒక కిలోమీటరు. 1310 నానోమీటర్ల దగ్గర సింగిల్ మోడ్ ఫైబర్‌లో కిలోమీటరుకి పోయేది 0.4 డీబీ లోపు, ఒక్కో కనెక్టర్ జతకి అర డీబీ. అవతలి టీఎక్స్ మైనస్ 2.5, మధ్యలో రెండు ప్యాచ్ ప్యానెళ్లు అనుకున్నా ఇక్కడ మైనస్ 4 చుట్టుపక్కల కనిపించాలి. ఏడు డీబీ ఎక్కడో పోతోంది. 3 డీబీ అంటే సగం వెలుతురు, ఏడంటే ఐదో వంతే మిగిలినట్టు.

ఎక్కడ పోతోందో తేల్చడానికి రెండు వైపులా 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ డీటెయిల్' తీయండి, జునిపర్‌లో అయితే 'షో ఇంటర్‌ఫేసెస్ డయాగ్నస్టిక్స్ ఆప్టిక్స్'. అవతలి టీఎక్స్ బాగానే ఉండి ఇక్కడ ఆర్‌ఎక్స్ పడిందంటే ఫైబర్ దారి: మురికి కనెక్టర్, నలిగిన ప్యాచ్ కార్డ్, ర్యాక్ తలుపు మధ్య ఇరుక్కున్న వంపు. అవతలి టీఎక్సే పడితే మాడ్యూల్. మొదట చేయాల్సింది 1.25 మిల్లీమీటర్ల వన్ క్లిక్ క్లీనర్‌తో ప్యాచ్ కార్డ్ కొస, ప్యానెల్ లోపలి కొస రెండూ తుడవడం. ఒకటే తుడిస్తే రెండోదాని మురికి మళ్లీ దీనికి అంటుతుంది. చొక్కా అంచుతో తుడవడం, లోపలికి కన్ను పెట్టి చూడడం రెండూ వద్దు. 1310 కంటికి కనిపించదు, కంటికి హాని మాత్రం చేయగలదు.

అలర్ట్‌లకి నా లెక్క ఇది. శుభ్రం చేసి లింక్ బాగున్న రోజున ఆర్‌ఎక్స్ విలువని ప్రతి పోర్టుకీ మాక్రోగా రాసిపెట్టండి. దాని నుంచి 2 డీబీ పడితే టికెట్, 4 పడితే మెసేజ్. మాడ్యూల్‌లోనే రాసి ఉండే వార్నింగ్, అలారమ్ హద్దులు చివరి గీతలు మాత్రమే. మీ లింక్ ఉండాల్సిన చోటేదో వాటికి తెలియదు. పోర్టు షట్ చేసినప్పుడు మైనస్ 40 లాంటిది వస్తుంది, అది వెలుతురు లేదన్న గుర్తు. ఇంటర్‌ఫేస్ అప్ ఉన్నప్పుడే ఈ ట్రిగ్గర్ లెక్కలోకి వచ్చేలా కట్టండి.

బయాస్ కరెంట్‌ని నెలల గ్రాఫ్‌లో చూడాలి. టీఎక్స్ పవర్ కదలకుండా బయాస్ మెల్లగా ఎక్కుతుంటే, అంతే వెలుతురు ఇవ్వడానికి లేజర్ ఎక్కువ కష్టపడుతోందని అర్థం. వేడికి కూడా బయాస్ పెరుగుతుంది కాబట్టి మే నెల విలువని జనవరితో పోల్చి మాడ్యూల్ పారేయకండి, అదే టెంపరేచర్ దగ్గర పోల్చండి. మామూలు కమర్షియల్ గ్రేడ్ మాడ్యూల్‌కి పెట్టె వేడి హద్దు 70 డిగ్రీలు. ఏసీ లేని ర్యాకుల్లో స్విచ్ కంటే ముందు ఇవే గీత దాటుతాయి, అక్కడ 85 వరకు తట్టుకునే ఇండస్ట్రియల్ గ్రేడ్ కొనడం మేలు. డ్యాక్ (రాగి) కేబుళ్లకి, కాపర్ ఎస్‌ఎఫ్‌పీలకి ఈ వెలుతురు విలువలుండవు, ఖాళీ వస్తే కంగారు వద్దు.

ఆర్‌ఎక్స్ గ్రాఫ్ కిందే ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ఫ్రేములు) కూడా వేయండి: 1.3.6.1.2.1.10.7.2.1.3. రెండూ ఒక్కచోట చూస్తే సమస్య వెలుతురుదా కాదా అన్నది అప్పటికప్పుడు తేలిపోతుంది.

సీపీయూ గురించి పోలింగ్_పద్ధతి గారు చెప్తే బాగుంటుంది.

పోలింగ్_పద్ధతి

ఎనిమిది స్విచ్‌ల స్టాక్‌లో ఆ టేబుల్ చాలా పెద్దది, ప్రతి మాడ్యూల్‌కీ ఐదేసి సెన్సర్లు. మొత్తం చెట్టుని వాక్ చేయడం రోజుకి ఒకటి రెండుసార్లు డిస్కవరీకే పరిమితం చేయండి. రోజువారీ పోల్‌లో విలువల కాలమ్ ఒక్కటే తీసుకోండి, టైప్, స్కేల్, ప్రెసిషన్ మాటిమాటికీ మారవు. జాబిక్స్ 6.4 నుంచి వాక్ ఐటెమ్ ఉంది, ఒకేసారి బల్క్‌గా తెచ్చి డిపెండెంట్ ఐటెమ్‌లకి పంచుతుంది. మ్యాక్స్ రిపిటీషన్లు (ఒక్కోసారి అడిగినప్పుడు తెచ్చే వరుసలు) 10 దగ్గరే ఉంచండి, 50, 100 ఇస్తే జవాబు ప్యాకెట్ పెద్దదై ముక్కలవుతుంది, మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే టైమౌట్లు మొదలవుతాయి. 'షో ప్రాసెసెస్ సీపీయూ సార్టెడ్'లో ఎస్‌ఎన్‌ఎంపీ ఇంజిన్ పైకి రాకుండా ఉంటే చాలు.

అన్నీ కట్టాక పరీక్షించండి, అది వదిలేస్తే ఈ పనంతా నమ్మకం మీద నడిచినట్టే. మెయింటెనెన్స్ సమయం తీసుకుని, పీఓఈ వాడకం ఒక పీఎస్‌యూకి సరిపోతుందని చూసుకున్నాక, రెండో పీఎస్‌యూ ప్లగ్ ఐదు నిమిషాలు పీకండి. మూడు నిమిషాల్లోపు మెసేజ్ రావాలి, తిరిగి పెట్టాక సరిపోయిందన్న మెసేజ్ కూడా రావాలి. ప్లగ్ పీకడం ఒక పరీక్ష, పీఎస్‌యూని పూర్తిగా బయటికి లాగడం వేరే పరీక్ష, స్టేట్ విలువలు వేరుగా వస్తాయి కాబట్టి రెండూ చేయండి. 9300లో ఒక ఫ్యాన్ తీసి, మెసేజ్ రాగానే పెట్టేయండి. ఆప్టిక్‌కి అవతలి పోర్టు షట్ చేయడం కుదరదు, మనం పెట్టిన షరతు వల్ల ట్రిగ్గర్ మోగదు. టెంపరేచర్‌కీ ఆప్టిక్‌కీ ఒక్క హోస్ట్ మీద హద్దుని ప్రస్తుత విలువ కిందికో పైకో జరిపి మోగిందో లేదో చూసుకోవడమే తేలిక.

మెసేజ్ బయటికెళ్లే దారి కూడా చూడండి. కోర్ స్విచ్ పడితే జాబిక్స్ పంపే మెయిల్ ఆ కోర్ దాటే వెళ్లాలి. సర్వర్‌కే ఒక జీఎస్‌ఎం మోడెమ్ తగిలించి ఎస్‌ఎంఎస్ పంపడం ఒక దారి. లేదా బయట ఎక్కడో ఉన్న సర్వీసుకి ఐదు నిమిషాలకోసారి ఒక సిగ్నల్ పంపుతూ, అది ఆగితే వాళ్లే మీకు ఫోన్‌కి చెప్పేలా పెట్టుకోవడం.

క్యాంపస్_నెట్

చివరిగా ఒకటి. వేడికి స్విచ్ తనంతట తానే రీబూట్ అయితే సిస్అప్‌టైమ్ (ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే కౌంటర్) తగ్గిందా అని చూస్తే సరిపోతుందా?

పోలింగ్_పద్ధతి

సరిపోదు. ఆ కౌంటర్ సెకనులో వందో వంతు చొప్పున 32 బిట్లలో లెక్కిస్తుంది, 497 రోజులకి నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఆపకుండా నడిచే హాస్టల్ స్విచ్ ఒక రోజు రీబూట్ అయినట్టు అబద్ధపు అలర్ట్ ఇస్తుంది. దాని బదులు 1.3.6.1.6.3.10.2.1.3.0 వాడండి, సెకన్లలో ఉంటుంది, ఆ బాధ లేదు. నిజంగా రీబూట్ అయి ఉంటే 'షో వెర్షన్'లో చివరి రీలోడ్ కారణం, 9300లో 'షో లాగింగ్ ఆన్‌బోర్డ్' కింద టెంపరేచర్, వోల్టేజీ చరిత్ర చూడండి. అది స్విచ్ లోపలే దాచిన రికార్డు, కరెంటు పోయినా చెరగదు. మీ సర్వర్ పోల్ చేయలేకపోయిన ఆ కొన్ని నిమిషాల్లో ఏం జరిగిందో అందులో దొరికే అవకాశం ఉంది.

స్విచ్ మార్చాల్సి వస్తే ఎస్‌ఎన్‌ఎంపీ వీ3 యూజర్‌ని కొత్తగా సృష్టించండి, పాత కాన్ఫిగరేషన్ అతికిస్తే రాదు. పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే తాళం ఆ స్విచ్ ఇంజిన్ ఐడీకి (ఎస్‌ఎన్‌ఎంపీలో ఆ పెట్టె గుర్తు) కట్టి ఉంటుంది, కొత్త పెట్టెకి ఐడీ వేరు.